ధర వేరు, విలువ వేరు: వెట్‌సూట్ కొనబోయే వారి కోసం

గత ఏడాది ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మచిలీపట్నం నుండి మా చెల్లెలి ఫోను. "భాయిజాన్, మీ మేనల్లుడు తొమ్మిది వందల రియాళ్లు పోసి రబ్బరు చొక్కా కొన్నాడు. సముద్రంలో మునగడానికట. వేసుకున్నా తడుస్తాడట! తడిసే దానికి అంత ధర ఏమిటో మీరే అడగండి" అన్నది. ఆమె ఇంటి వద్ద కుట్టుమిషను మీద ముగ్గురు పిల్లలను పెంచి పెద్దచేసిన మనిషి. బట్ట విలువ ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. తొమ్మిది వందల రియాళ్లంటే దాదాపు 20,000 రూపాయలు. జెద్దాలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న ఆ అబ్బాయి నెల జీతంలో ఇంచుమించు సగం.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు అరబీ వ్యాకరణం బోధిస్తున్న మాకు సముద్ర గర్భంలో ధరించే దుస్తులతో ఏం పని అని పాఠకులు అనుకోవచ్చు. మేమూ అదే అనుకున్నాము. కాని కుటుంబంలో తల్లికీ కొడుకుకూ నడుమ మాట పట్టింపు వచ్చినప్పుడు విషయం తెలుసుకోకుండా తీర్పు చెప్పడం పెద్దల పని కాదు. పైగా నేడు గల్ఫ్ దేశాల్లో ఉంటున్న మన యువకులు సెలవు రోజున స్కూబా డైవింగు నేర్చుకోవడం అరుదైన సంగతి కాదు. ఇక్కడ విశాఖపట్నం రుషికొండ తీరంలోనూ నేర్పేవారున్నారు. అందువల్ల ఆ అబ్బాయిని అడిగి, అతని ద్వారా అతనికి నేర్పిన వారిని అడిగి, దొరికినంత చదివి మేము గ్రహించిన విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము. ఇందులో అతని రెండు పొరపాట్లు కూడా ఉన్నాయి. వ్రాయడానికి అతడు నవ్వుతూనే అనుమతి ఇచ్చాడు.

ముందుగా మా చెల్లెలి ప్రశ్నకే వద్దాము. తడిసే దుస్తి దేనికి? 27 డిగ్రీల గాలిలో వరండాలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. అదే 27 డిగ్రీల నీటితొట్టిలో గంటసేపు కూర్చుంటే పళ్లు కటకటలాడతాయి. నీరు శరీరపు వేడిని గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా లాగివేస్తుంది. మన దేహం 37 డిగ్రీలు. సముద్రం ఎంత వెచ్చనిదైనా అంతకంటే చల్లనిదే. డైవరు నీటి అడుగున 40, 50 నిమిషాలు ఉంటాడు. ఎక్కువగా కాళ్లు చేతులు కదపకుండా నెమ్మదిగా సాగుతాడు. కనుక ఈతగానికి పుట్టే వేడి కూడా అతనికి పుట్టదు.

ఈ దుస్తి వెనుక ఒక ఆలోచన ఉన్నది. 1950ల ఆరంభంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త నావికాదళపు ఈతగాళ్ల కష్టాన్ని గురించి యోచించాడు. అంతవరకు అందరూ మనిషిని పొడిగా ఉంచడానికే ప్రయత్నించారు. వెచ్చగా ఉండడానికి పొడిగా ఉండనక్కరలేదని అతడు గ్రహించాడు. లోపల సూక్ష్మమైన వాయు బుడగలను బంధించిన పదార్థం ఒంటి చుట్టూ ఉంటే చాలు, చర్మం తడిసినా వేడి పోదు. అటువంటి పదార్థంగా నియోప్రీన్ అనే నురుగు రబ్బరు పనికివచ్చింది. నియోప్రీన్ అంతకు రెండు దశాబ్దాల పూర్వమే డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు. లోపలికి చేరిన నీరే మనిషిని వెచ్చబెడుతుందని చాలామంది నేటికీ చెబుతుంటారు. అది సరి కాదు. వెచ్చదనాన్ని కాపాడేది బుడగలు. లోపలికి చేరిన కొద్దిపాటి నీరు కదలకుండా నిలిచి ఉంటే నష్టం లేదు. అది బయటికిపోయి చల్లని నీరు మళ్లీ లోపలికి వస్తూ ఉంటే మాత్రం ఎంత ఖరీదైన సూటైనా వ్యర్థమే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కొనుగోలులో సగం వివేకం వచ్చినట్లే.

ఇక మేనల్లుని మొదటి పొరపాటు. దుకాణంలో తగ్గింపు ధరకు పెట్టారని 7 మిల్లీమీటర్ల మందం గల సూటు కొన్నాడు. మందం ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాడు. 7 మిల్లీమీటర్లు చల్లని సముద్రాలకు ఉద్దేశించినది. ఎర్ర సముద్రం అటువంటిది కాదు. జెద్దా తీరంలో శీతకాలంలో సైతం నీరు 25 డిగ్రీల పరిసరాల్లో ఉంటుంది, వేసవిలో 30 దాటుతుంది. చాలా సముద్రాల్లో లోతుకు పోయేకొద్దీ నీరు బాగా చల్లబడుతుంది. ఎర్ర సముద్రంలో ఎంత లోతుకు పోయినా 21 డిగ్రీలకు దిగువకు రాదట. సృష్టిలోని వింతల్లో అదొకటి. అంతటి సముద్రానికి ఇతడు కంబళి కప్పుకుని పోయాడు! పడవ మీద ఎండలో ఆ నల్లని సూటు తొడుక్కుని నిలబడేసరికి కళ్లు తిరిగాయి. నీటిలోకి దూకితే మునగలేదు. బుడగలు నిండిన రబ్బరు తేలుతుంది కనుక, ఎంత మందమో అంత ఎక్కువ సీసపు దిమ్మలు నడుముకు కట్టుకోవాలి. ఎర్ర సముద్రపు నీరు మామూలు సముద్రాల కంటే ఉప్పనిది కావడంతో ఆ తేలుడు మరింత ఎక్కువ.

కథ అక్కడితో ముగియలేదు. లోతుకు దిగినప్పుడు నీటి ఒత్తిడికి రబ్బరులోని బుడగలు కుంచించుకుపోతాయి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం కంటే రెట్టింపు, 20 మీటర్లలో మూడింతలు. సూటు పలుచబడుతుంది, దాని తేలుడు తగ్గుతుంది, కాని నడుముకున్న సీసం తగ్గదు. అప్పుడు గాలి జాకెట్‌లోకి మరింత గాలి నింపి సరిచూసుకోవాలి. పైకి వచ్చేటప్పుడు మళ్లీ వదలాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఇదొక తలనొప్పి. మందమైన సూటుతో ఆ హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ.

నీటి వేడిమిని బట్టి మందాన్ని స్థూలంగా ఇలా అంచనా వేస్తారు. 28 డిగ్రీలు దాటిన నీటికి ఒకటి రెండు మిల్లీమీటర్లు, లేదా చర్మానికి గీతలు పడకుండా పలుచని డైవింగు చొక్కా చాలు. 24 నుండి 28 వరకు 3 మిల్లీమీటర్లు. అంతకు దిగువన 20 వరకు 5 మిల్లీమీటర్లు. ఇంకా చల్లని నీటికే 7. బక్కపలుచని వారు, రోజుకు మూడు నాలుగు సార్లు మునిగేవారు ఒక మెట్టు మందం ఎక్కువ చూసుకుంటారు. సూటు మీద 3/2, 5/4 అని రెండు అంకెలుంటే మొదటిది మొండెం భాగపు మందం, రెండవది చేతులు కాళ్లది. అండమాన్, లక్షద్వీప్, గల్ఫ్ వేసవి, రుషికొండ వీటన్నిటికీ 3 మిల్లీమీటర్ల నిండు సూటు చాలామందికి సరిపోతుంది. మన ప్రాంతపు పాఠకుడు దానికంటే ఎక్కువ ఖర్చు పెట్టబోతుంటే ఒక్కసారి ఆగి కారణమేమిటో తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

రెండవ పొరపాటు మొదటిదాని కంటే ప్రమాదకరమైనది. తల్లి కోప్పడిందని ఈసారి అతడు పొదుపు చేయదలిచాడు. స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక సహోద్యోగి వద్ద 150 రియాళ్లకు 3 మిల్లీమీటర్ల సూటు తీసుకున్నాడు. మందం సరైనదే, రబ్బరూ బాగానే ఉన్నది. కాని ఆ సహోద్యోగి ఇతనికంటే జానెడు పొడుగు, భుజాలూ వెడల్పు. "ఏముంది మామూ, కాస్త వదులు. షేర్వాణీనా ఏమన్నా?" అని మాతో అన్నాడు.

జనవరి మాసం. ఆ రోజు మూడవసారి నీటిలోకి దిగారు. కదిలినప్పుడల్లా వీపు వెంట చల్లని నీరు మెడ నుండి నడుము దాకా జారుతున్నది. మొదట వణుకు, తరువాత వ్రేళ్లు మొద్దుబారాయి. గాలి సిలిండరు ముల్లు అందరికంటే ముందే దిగిపోతున్నది, ఎందుకంటే చలికి శ్వాస వేగం పెరుగుతుంది. ముఖానికి ఉన్న అద్దంలోకి నీరు చేరితే తీసివేయడం అతనికి బాగా వచ్చు. ఆ పూట రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. వెంట ఉన్న శిక్షకుడు అతని చేతుల తీరు చూసి, సంజ్ఞ చేసి, నిదానంగా పైకి తీసుకువచ్చాడు. అల్‌హమ్‌దులిల్లాహ్, ఏమీ కాలేదు. ఈ సంగతి అతడు తల్లికి చెప్పలేదు, మాకు చెప్పాడు. మేము ఆమెకు చెప్పాము. దాచవలసినది కాదని మా అభిప్రాయం.

నీటి అడుగున చలి అంటే అసౌకర్యం మాత్రమే కాదు. వ్రేళ్లు పనిచేయకపోతే బకిలు విప్పలేరు. మనసు మందగిస్తే నేర్చుకున్నది గుర్తుకురాదు. అందుచేత కొలత తప్పిన సూటు చౌకగా దొరికిందని సంతోషించరాదు.

మరి కొలత ఎలా చూడాలి? మా మేనల్లుడు సెలవు మీద వచ్చినప్పుడు ఆ రెండు సూట్లనూ వెంట తెచ్చాడు. మచిలీపట్నంలో వాళ్ల వరండాలో వాటిని పరిచి, తల్లి ముందు ఒకటొకటిగా తొడిగి చూపించాడు. వేసవి ఉక్కలో అది చూడదగిన దృశ్యమే. పాదం జారడం లేదంటే కాలికి కిరాణా ప్లాస్టిక్ సంచి తొడిగి దూర్చాడు, సర్రున దిగిపోయింది. డైవర్లందరూ చేసే ఉపాయమేనట.

సూటు ఒంటికి రెండవ చర్మంలా అంటుకోవాలి. ముఖ్యంగా మూడు చోట్ల చూడాలి: చంకలు, నడుము వెనుక గుంట, తొడల సంధి. ఈ మూడింటిలో ఎక్కడ ఖాళీ మిగిలినా అక్కడ నీటి మడుగు ఏర్పడుతుంది, కదిలినప్పుడల్లా ఆ నీరు మారుతుంది. చేతులు రెండూ పైకెత్తాలి. భుజాల వద్ద లాగినట్లుంటే చిన్నది. గొంతుక్కూర్చుని లేవాలి, మోకాళ్ల వెనుక దళసరి ముడతలు పడితే పెద్దది. గుండె నిండా ఊపిరి పీల్చాలి. ఛాతీ అడ్డగిస్తే వదిలివేయవలసిందే. మెడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పట్టీ మెడకు ఆనుకుని ఉండాలి గాని రక్తనాళాలను నొక్కకూడదు. నొక్కితే తల తిరిగి స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది. దుకాణంలో పొడిగా వేసుకున్నప్పుడు కాస్త బిగుతుగా తోచడం సహజమే, నీటిలో అది కొద్దిగా సడలుతుంది. దుకాణంలోనే సుఖంగా, పైజామాలా ఉన్నదంటే నీటిలో అది వదులైపోతుంది. ఎత్తు, బరువు చెబితే చాలదు. ఛాతీ, నడుము, తుంటి కొలతలు కూడా ఇచ్చి ఆ కంపెనీ పట్టికతో సరిపోల్చాలి. ఒక కంపెనీ మధ్య సైజు మరొక కంపెనీలో చిన్న సైజు కావచ్చు. వేసి చూడకుండా తెప్పించుకునేవారు తిరిగి ఇచ్చే వీలున్నదో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

వదులు సూటును చూసి మా చెల్లెలు, "దీనికేం, రెండు పక్కలా అంగుళం చొప్పున పట్టేస్తాను" అని తీసుకుని లోపలి వైపు తిప్పింది. అలా తిప్పి కుట్లను చూస్తూ చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. తరువాత అన్నది: "మామూలు సూదితో పట్టకూడదు భాయిజాన్. సూది ఇటు నుండి అటు పోతే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు రాక ఏమవుతాయి?"

మేము రెండు వారాలు చదివి తెలుసుకున్న దానిని ఆమె రెండు నిమిషాల్లో పట్టుకున్నది. వెట్‌సూట్ల ధరల్లో తేడా చాలావరకు ఈ కుట్లలోనే ఉన్నది. అన్నిటికంటే చౌకైనవాటిలో అంచులు చుట్టి కుడతారు, మన ఓవర్‌లాక్ మాదిరిగా. లోపల గట్టు లేచి చర్మం ఒరుసుకుంటుంది, నీరూ కారుతుంది. దాని తరువాతది ఫ్లాట్‌లాక్. అంచు మీద అంచు చదునుగా పరిచి కుట్టినది. ఒంటికి హాయిగా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది, కాని దారం రెండు వైపులా కనబడుతుంది కనుక సూది రంధ్రాలు ఉన్నట్లే. వెచ్చని నీటికి అది చాలు. మూడవది అంచులను ముందు జిగురుతో అతికించి, సూది రబ్బరు సగం మందం దాకా మాత్రమే పోయేలా ఒక వైపు నుండి కుట్టినది. బయటి వైపు చూస్తే దారం ఉంటుంది, లోపలి వైపు ఉండదు, లేదా అటుది అటు. నీరు దాదాపు రాదు. చల్లని నీటికి ఇది కావాలి, ధర కూడా ఎక్కువ. కొనేవారు సూటును తిరగవేసి చూసి ఏ తరహా కుట్టో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మన ఇళ్లలో మిషను కుట్టే తల్లులు, అక్కచెల్లెళ్లు ఈ పనిలో దుకాణదారుకంటే నేర్పరులని మేము కళ్లారా చూశాము.

రబ్బరు రకాల్లో ఒక మోసం ఉన్నది. దానిని మోసం అనరాదేమో, పొరపాటుకు అవకాశం అనాలి. అలల మీద పలక తొక్కే సర్ఫింగు సూట్లు, పందెపు ఈతగాళ్ల సూట్లు చూడడానికి ఇలాగే ఉంటాయి. కొన్ని చౌకగా కూడా దొరుకుతాయి. అవి మెత్తని, బాగా సాగే రబ్బరుతో చేసినవి, లోతు ఒత్తిడికి త్వరగా నలిగిపోతాయి. డైవింగుకు కాస్త గట్టి, సాంద్రమైన రబ్బరు మేలు. చేతికి మరీ మెత్తగా తగిలితే అడిగి తెలుసుకోవాలి. ఇక మోకాళ్లకు గట్టి పట్టీలు ఉన్నాయా, వీపు జిప్పు వెనుక నీటిని ఆపే రబ్బరు రెప్ప ఉన్నదా అన్నవి చూడదగినవే. మణికట్టు, చీలమండల వద్ద జిప్పులు ఉంటే తొడగడం తేలికే గాని నీరు చేరే దారులు పెరుగుతాయి. రంగులు, ఛాతీ మీద పెద్ద అక్షరాల పేర్లు సూటును వెచ్చబరచవు.

అసలు కొనాలా? నేర్చుకునే రోజుల్లో కొననక్కరలేదు, అద్దెకు ఇస్తారు. మా మేనల్లుని లెక్కలో అద్దె రోజుకు 40 రియాళ్లు, నిక్షేపమైన కొత్త 3 మిల్లీమీటర్ల సూటు 480. అంటే 12 రోజులు మునిగితే సొమ్ము రాబట్టుకున్నట్లే. నెలకు ఒకసారైనా వెళ్లేవాడు కొనుక్కోవడం తెలివి. ఏడాదికొకసారి సెలవుల్లో వెళ్లేవాడు అద్దెకు తీసుకోవడం తెలివి. అయితే అద్దె సూట్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. నీటిలో ఉన్నప్పుడు మూత్ర విసర్జన ఆపుకోనివారు ఉంటారు. డైవర్లు దీన్ని హాస్యంగా చెప్పుకుంటారు, మనకు అది హాస్యం కాదు. అద్దె సూటును తొడగడానికి ముందు శుభ్రమైన నీటితో లోపలా బయటా కడిగించాలి. సంకోచం అక్కరలేదు. అతడు సొంత సూటు కావాలని పట్టుబట్టడానికి అసలు కారణం ఇదేనని తరువాత తెలిసి మా చెల్లెలు మెత్తబడింది.

పాత సూటు కొనడం తప్పు కాదు, ఒంటికి సరిపోతే మంచి బేరమే. చేతితో నొక్కి వదలాలి. రబ్బరు వెంటనే పొంగి యథాస్థితికి రావాలి. నొక్కిన చోట పలుచగా, అట్టలా ఉండిపోతే బుడగలు చచ్చిపోయాయని అర్థం. వెలుతురుకెదురుగా పట్టుకుని కుట్ల వెంట చూడాలి. చిన్న చిరుగును నియోప్రీన్ జిగురుతో అతికించవచ్చు, కుట్టే విచ్చుకుంటే వదిలేయాలి.

విశాఖలో చదువుతున్న మా పూర్వ విద్యార్థి కుమార్తె రుషికొండలో నేర్చుకోవాలని తండ్రిని అడిగిందట, ఆయన మమ్మల్ని అడిగారు. నిండు సూటు మణికట్టు నుండి చీలమండ దాకా కప్పుతుంది. తలకు తొడిగే నియోప్రీన్ టోపీ ఏ డైవరుకైనా మామూలు సరంజామాయే, జుట్టు మొత్తం లోపలికి పోతుంది, తలా వెచ్చగా ఉంటుంది. కాని సూటు ఒంటికి అతుక్కుని ఉండే దుస్తి అన్నది నిజం. స్త్రీ శిక్షకురాలిని కోరడం, పడవ మీద ఉన్నంతసేపు పైన నిండు కప్పు వేసుకోవడం సాధ్యమైన పనులు. నీటిలో సైతం పైన చొక్కా వేసుకోదలిస్తే అది సీసపు పట్టీ బకిలునూ, గాలి గొట్టాలనూ కప్పివేయకూడదు. ఆపదలో ఆ బకిలు ఒక్క గుంజుకు ఊడాలి. ఈ విషయం ముందుగానే శిక్షకురాలితో మాట్లాడుకోవాలి. కొలతకు సంబంధించి మరొకటి: స్త్రీల సూటు కోత వేరు. చౌక అని పురుషుల సూటు తీసుకుంటే నడుము వద్ద ఖాళీ, తుంటి వద్ద బిగుతు తప్పవు. పురుషుల్లోనూ సూటు మీద వదులు నిక్కరు వేసుకునేవారున్నారు. మా వాడూ వేసుకుంటాడు, దానికి జేబులున్నాయని అదనపు సంతోషం. రెండు మునకల నడుమ వుజూ చేయవలసినవారికి వీపు జిప్పు తీసి నడుము దాకా విప్పుకోగల సూటు అనువుగా ఉంటుంది.

కొన్నదానిని కాపాడుకోకపోతే ఎంత బేరమాడి కొన్నా ఫలితం లేదు. ప్రతిసారీ మంచినీటితో ఉప్పు పోయేలా కడగాలి. ముందు లోపలి వైపు, తరువాత బయటి వైపు నీడన ఆరవేయాలి. ఎండ రబ్బరుకు శత్రువు. వాషింగ్ మెషీన్, వేడినీళ్లు, ఇస్త్రీ పనికిరావు. సన్నని తీగ హ్యాంగరు మీద వేస్తే భుజాల వద్ద గాడి పడుతుంది, వెడల్పాటిది కావాలి. మడిచి పెట్టెలో నెలల తరబడి పెడితే మడత పడిన చోట బుడగలు నలిగిపోయి మళ్లీ లేవవు.

చివరకు మేనల్లుడు ఏం కొన్నాడంటే, ఫ్లాట్‌లాక్ కుట్టుతో ఒంటికి సరిపోయిన 3 మిల్లీమీటర్ల నిండు సూటు ఒకటి, శీతకాలంలో దాని లోపల వేసుకోవడానికి టోపీతో కలిసిన చేతులు లేని బనీను ఒకటి. మొత్తం 640 రియాళ్లు. రెండు వేరు వేరు సూట్ల పని ఒక్కదానితో నెరవేరింది. దుకాణంలో తొడుక్కుని, చేతులు పైకెత్తి, వీపు చూపిస్తూ వీడియో కాల్‌లో తల్లికి చూపించాడు. ఆమె నడుము వెనుక వ్రేలు పెట్టి చూడమన్నది, పట్టలేదు. "తీసుకో" అన్నది.

7 మిల్లీమీటర్ల సూటును చలిదేశానికి బదిలీ అయిపోతున్న ఒకరు సగం ధరకు తీసుకున్నారు. ఆ వదులు సూటును మా చెల్లెలు కత్తిరించింది. వీపు ముక్క ఇప్పుడు ఆమె కుట్టుమిషను ముందున్న కుర్చీ మీద మెత్తగా పరిచి ఉన్నది. పదిహేను గంటలు కూర్చున్నా నడుము నొప్పి లేదంటున్నది.